పక్కింటికి నెట్‌వర్క్ లైను: రాగి తీగ వద్దు, ఒకే నెట్‌వర్కూ వద్దు

పక్కపక్క ఇళ్లలో ఉండే అన్నదమ్ములు. అన్నగారింట్లో ఎయిర్‌టెల్, తమ్ముడింట్లో జియోఫైబర్. అన్నగారింట్లో టాలీ నడిచే ఆఫీసు కంప్యూటరో, ఏళ్ల తరబడి పోగేసిన ఫోటోలూ పెళ్లి వీడియోలూ దాచిన పెద్ద డిస్కో ఉంది. తమ్ముడింట్లోంచి దాన్ని తెరవాలి. ఇంటర్నెట్ మాత్రం ఎవరిది వారిదే. కంప్యూటర్ షాపులో అడిగినా, కేబుల్ అబ్బాయినడిగినా దీనికి వచ్చే జవాబు ఒకటే: "క్యాట్ 6 వైరొకటి గోడ మీంచి లాగి ఈ రూటర్ లాన్ పోర్టుకీ ఆ రూటర్ లాన్ పోర్టుకీ పెట్టెయ్యండి సార్, అయిపోద్ది."

అయిపోతుంది, నిజమే. (క్యాట్ 6 అంటే నెట్‌వర్కుకు వాడే రాగి తీగల కేబుల్. లాన్ పోర్టు అంటే రూటర్ వెనక ఇంట్లోని కంప్యూటర్లకు వైరు పెట్టే చోటు.) ఆ సాయంత్రానికి ఫైళ్లు కనిపిస్తాయి కూడా. అందుకే ఈ సలహా ఇంతకాలంగా చలామణీలో ఉంది. కానీ ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయని నా వాదన. విడివిడి కరెంటు మీటర్లున్న రెండు భవనాల మధ్య రాగి తీగ లాగడం ఒకటి. విడిగా ఉండాల్సిన రెండు నెట్‌వర్కులను ఒకే ముద్ద చేయడం రెండోది. మొదటి తప్పు ఏదో ఒక ఉరుముల వానలో బయటపడుతుంది. రెండోది మర్నాడే బయటపడుతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

లాన్ పోర్టుకు లాన్ పోర్టు

కంపెనీ ఇచ్చే ప్రతి రూటర్‌లోనూ డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది. ఇంట్లోని ఫోన్లకూ టీవీలకూ ఐపీ అడ్రసు (నెట్‌వర్కులో యంత్రానికుండే నంబరు), గేట్‌వే (ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే రూటర్ అడ్రసు) పంచేది అదే. లాన్ పోర్టుల్ని కలపగానే ఒకే వైరు మీద అలాంటివి రెండు కూర్చుంటాయి. ఫోను అడ్రసు అడిగితే రెండూ పలుకుతాయి, సాధారణంగా ముందు పలికినదాని మాట చెల్లుతుంది. అన్నగారి వైఫైకి తగులుకున్న ఫోనుకు తమ్ముడి రూటర్ అడ్రసిచ్చిందంటే, ఇక ఆ ఫోనులో చూసే వీడియోలన్నీ తమ్ముడి కనెక్షన్ మీదే నడుస్తాయి. స్పీడ్‌టెస్ట్ పెట్టి, అందులో పక్కింటి కంపెనీ పేరు చూస్తే తప్ప ఎవరికీ తెలియదు.

జియోఫైబర్ రూటర్ మామూలుగా 192.168.29.1 మీద ఉంటుంది, ఎయిర్‌టెల్‌ది 192.168.1.1. కాబట్టి ఈ జంటలో కనీసం అడ్రసులు ఢీకొనవు. రెండిళ్లలోనూ 192.168.1.1 రూటర్లే ఉంటే అవస్థ ఎక్కువ. ఒకే అడ్రసుకు ఇద్దరు హక్కుదారులవుతారు. కంప్యూటర్ కాసేపు ఈ రూటర్ మ్యాక్ అడ్రసును (యంత్రానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) గుర్తుపెట్టుకుంటుంది, కాసేపటికి ఆ రూటర్‌ది. పేజీ సగం తెరుచుకుని ఆగుతుంది, వీడియో కాల్ తెగుతుంది, రూటర్ ఆపి వేస్తే కొంతసేపు బాగుపడుతుంది. పైగా ఒకసారి ఇచ్చిన అడ్రసుకు కొంత గడువుంటుంది, చాలా రూటర్లలో అది ఒక రోజు. అందుకే వైరు పెట్టిన రోజు పాత అడ్రసులే నడిచి అంతా సజావుగా కనిపిస్తుంది. గొడవ మర్నాడు మొదలయ్యేసరికి వైరును అనుమానించరు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తారు.

నెట్‌వర్క్ ఒకటే అయ్యాక పక్కింటి పిల్లల ఫోన్లో మీ హాలు టీవీ పేరు కనిపిస్తుంది. మీ ప్రింటర్ కనిపిస్తుంది. సీసీ కెమెరాల రికార్డింగు పెట్టె, అంటే ఎన్‌వీఆర్ కూడా కనిపిస్తుంది. దాన్ని బిగించినవాడు పాస్‌వర్డ్ మార్చకుండా వెళ్లిపోయి ఉంటే లోపలికీ వెళ్లొచ్చు. ఎవరైనా స్పీడు పెరుగుతుందేమోనని రెండో వైరు కూడా పెడితే లూప్ ఏర్పడి, అన్ని యంత్రాలకూ పంపే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ (డేటా ముక్క) తిరిగి తిరిగి రెండిళ్ల నెట్‌నీ ఒకేసారి పడగొడుతుంది.

"ఒక రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేస్తే సరి" అనేది దీనికి వచ్చే సమాధానం. ఆపితే గొడవ నిజంగానే తగ్గుతుంది. కానీ తమ్ముడి రూటర్‌లో ఆపారనుకుంటే రెండిళ్లూ ఒకే గేట్‌వే మీదకు వస్తాయి, తమ్ముడు నెలనెలా డబ్బు కడుతున్న కనెక్షన్ ఊరికే పడి ఉంటుంది. అన్నగారింట్లో కరెంటు పోతే తమ్ముడి ఫోనుకు అడ్రసే దొరకదు. ఎవరి ఇంటర్నెట్ వారిది అన్న మొదటి షరతే పోయింది.

రాగి మీద అభ్యంతరం

ఇక్కడ ఎదుటివాదన బలమైనది. ఈథర్‌నెట్ పోర్టు (లాన్ పోర్టు అదే) లోపల ప్రతి తీగల జతకూ, కరెంటు నేరుగా దాటకుండా ఆపే చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ప్రమాణం ప్రకారం అది 1500 వోల్టుల ఏసీని ఒక నిమిషం పాటు తట్టుకోవాలి. రెండిళ్ల ఎర్తింగ్ మధ్య నాలుగు వోల్టులో, నలభై వోల్టులో తేడా ఉన్నా లోహపు తొడుగు (షీల్డు) లేని మామూలు యూటీపీ కేబుల్ పట్టించుకోదు. ఎన్నో ఇళ్లలో ఇలాంటి వైర్లు ఏళ్లుగా నడుస్తున్నాయి కదా అంటే, నడుస్తున్నాయి.

కానీ బయట వేయడానికి షాపువాళ్లు ఇచ్చేది తరచు షీల్డు ఉన్న కేబుల్. షీల్డు ఉంటే మంచిదన్న నమ్మకం కొనేవాళ్లలోనూ ఉంది. దానికి రెండు కొసలా లోహపు ఆర్‌జే45 (లాన్ వైరు కొసన ఉండే ప్లగ్గు) బిగిస్తే ఈ ఇంటి కంప్యూటర్ డబ్బా ఆ ఇంటి డబ్బాకు తీగతో కట్టినట్టే. మన ఇళ్లలో ఎర్త్ గుంతల పరిస్థితి తెలిసిందే. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంతలో చివరిసారి నీళ్లు ఎప్పుడు పోశారో ఇంటివాళ్లే చెప్పలేరు. ఎర్త్ పనిచేయని ఇంట్లో డెస్క్‌టాప్ డబ్బాకు టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల డబ్బా మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంటుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి చేతికి చురుక్కుమనడంతో పోతుంది. అసలు ప్రమాదం దీన్లో లేదు. పక్కింటి గీజర్ లీకై, వాళ్ల ఎర్త్ గుంత దాన్ని మింగలేకపోతే ఆ వోల్టేజీ షీల్డు వెంట మీ కంప్యూటర్ డబ్బా మీదకు వస్తుంది.

యూటీపీ వేస్తే ఈ చిక్కు ఉండదు, పిడుగు చిక్కు మాత్రం ఉంటుంది. పిడుగు మీ ఇంటి మీదే పడనక్కర్లేదు. దగ్గర్లో ఎక్కడ పడ్డా నేలలోకి దిగే కరెంటు వల్ల ఒక ఎర్త్ గుంతకూ ఇంకో ఎర్త్ గుంతకూ మధ్య వేల వోల్టుల తేడా క్షణకాలం ఏర్పడుతుంది. 1500 వోల్టుల అడ్డుగోడ అక్కడ చాలదు. వాన వెలిశాక చూస్తే రూటర్ దీపాలు వెలుగుతుంటాయి, ఇంటర్నెట్ వస్తుంటుంది, లాన్ పోర్టొకటి మాత్రం చచ్చి ఉంటుంది. అదృష్టం బాగోకపోతే మదర్‌బోర్డు మీది లాన్ చిప్ పోతుంది. సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టొచ్చు కదా అంటారు. అవి పోటును ఎర్త్‌లోకే దించాలి. ఎర్త్ సరిగా లేని చోట అవి అలంకారాలు. రెండు కొసలా మంచి ఎర్తింగ్ చేయించి ప్రొటెక్టర్లు బిగించే ఖర్చుతో ఫైబర్ వేసుకోవచ్చు.

అపార్ట్‌మెంట్లలో పక్కపక్క ఫ్లాట్లకు ఇదంతా వర్తించదు. ఒకే భవనం, కింద ఒకే ప్యానెల్, ఒకే ఎర్త్. అక్కడ 100 మీటర్ల లోపు మామూలు యూటీపీ క్యాట్ 6 హాయిగా వేసుకోండి, అసలు రాగిదే కొనండి. బజారులో చవగ్గా దొరికే వాటిలో సీసీఏ చాలా ఉంది, అంటే రాగి పూత వేసిన అల్యూమినియం. తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది వంగిన చోట విరుగుతుంది, క్రింపు చేసిన చోట నెమ్మదిగా పట్టు వదులుతుంది. గిగాబిట్ వేగానికి (1000 ఎంబీపీఎస్) నాలుగు జతలూ బాగుండాలి. ఒక జత తెగితే లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయి చప్పుడు లేకుండా నడుస్తుంటుంది, లేదా అసలు రాదు.

ఫైబర్ సామాను

ఫైబర్ అనగానే అది కంపెనీలు వేసేది, మన చేతిలో పని కాదు అనుకుంటారు. సామాను ఇంతే: ఒక జత గిగాబిట్ మీడియా కన్వర్టర్లు, సింగిల్ మోడ్ రకం ఫైబర్ కేబుల్, రెండు కొసలా ఎస్‌సీ కనెక్టర్లు. కన్వర్టర్ అంటే వైరులో వచ్చే సిగ్నల్‌ను కాంతిగా, కాంతిని తిరిగి సిగ్నల్‌గా మార్చే, అరచేతిలో పట్టే పెట్టె. ఒకవైపు ఆర్‌జే45, ఇంకోవైపు ఫైబర్, 5 వోల్టుల అడాప్టరు.

కొనేటప్పుడు చూడాల్సినవి మూడు. మొదటిది, కన్వర్టర్ల మీద 10/100/1000 అని ఉండాలి. కేబుల్ టీవీ సామాను అమ్మే షాపుల్లో తేలిగ్గా దొరికేవి పాత 10/100 రకం. అవీ పనిచేస్తాయి, కానీ సెకనుకు 11, 12 మెగాబైట్ల దగ్గర ఆగిపోతాయి. ఒక టెరాబైట్ కాపీకి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. గిగాబిట్ మీద అదే పని రెండున్నర గంటలు. రెండోది, ఒకే పోగు మీద రెండు దిక్కులా నడిచే రకమైతే ఒకటి 'ఏ', ఒకటి 'బి' ఉండాలి. ఒకటి 1310 నానోమీటర్ల కాంతి పంపి 1550 అందుకుంటుంది, రెండోది దానికి తిరగేసి. రెండూ 'ఏ' అయితే ఎంత తంటాలు పడ్డా లింకు రాదు. మూడోది కనెక్టరు రంగు. కన్వర్టర్లకు ఎక్కువగా నీలం ఎస్‌సీ-యూపీసీ కావాలి. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ పెట్టెలకు (ఓఎన్‌టీలకు) సాధారణంగా ఆకుపచ్చ ఎస్‌సీ-ఏపీసీ వాడతారు, దాని మొన ఏటవాలుగా చెక్కి ఉంటుంది. లైన్‌మ్యాన్ సంచిలో ఎక్కువగా ఉండేవి ఆకుపచ్చవే, అడగకపోతే అవే వేసి వెళ్తాడు. ఆకుపచ్చను నీలంలో దూర్చితే దూరుతుంది. వెలుతురు చాలావరకు పోతుంది, గుచ్చి తీస్తుంటే మొనలు కూడా దెబ్బతింటాయి.

20 కిలోమీటర్లని రాసి ఉన్న కన్వర్టర్‌ను 40 మీటర్లకు వాడితే కళ్లు చెదిరినట్టు అవదా అని ఒక సందేహం వస్తుంటుంది. 10, 20 కిలోమీటర్ల రకానికి ఇబ్బంది లేదు, వాటి వెలుతురు రిసీవర్ భరించే హద్దులోనే ఉంటుంది. 40, 80 కిలోమీటర్ల రకం మాత్రం ఇంత దగ్గరలో వాడకండి. దూరం ఎక్కువ రాసి ఉంటే సరుకు మంచిదనుకుని అవి కొనేవాళ్లున్నారు.

కేబుల్ విషయంలో చాలామంది తప్పే చోటు ఒకటుంది. కాలనీల్లో స్తంభాల మీంచి ఇళ్లకు వచ్చే నల్లటి చదును డ్రాప్ కేబుల్‌లో మోసే తీగ ఉక్కుది. లోపల పోగుకు ఇటూ అటూ బలానికి పెట్టే సన్నటి పుల్లలు కూడా కొన్ని రకాల్లో ఉక్కువే. గాజు పోగు కరెంటును మోయదు సరే, పక్కనున్న ఉక్కు మోస్తుంది. రాగి వద్దనుకుని ఫైబర్ వేసి, ఆ ఉక్కు తీగను రెండిళ్ల ఇనుప గ్రిల్లులకూ కట్టేస్తే వేసిన ప్రయోజనం సగం పోయినట్టే. లోహం లేని ఎఫ్‌ఆర్‌పీ (గాజునార కలిపిన ప్లాస్టిక్) రకం అడగండి. దొరక్కపోతే ఉక్కు తీగను గోడ బయటే ఆపి, ఇన్సులేటరు లాంటి దానికి కట్టి, పెట్టె దాకా పోగును మాత్రమే తీసుకెళ్లండి.

దారి విషయానికొస్తే, గాల్లో వేలాడదీయడం కంటే ప్రహరీ కింద నుంచో పక్క నుంచో అంగుళం పీవీసీ పైపు మేలు. డాబాల మీంచి వెళ్లే వైరుకు కోతులున్నాయి, సంక్రాంతికి గాలిపటాల మాంజా ఉంది. పైపు మలుపుల్లో పదునైన ఎల్బోలు పెట్టకండి, పొడవాటి బెండ్లు వాడండి. జీ.657ఏ2 రకం పోగు 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా వంగినా తట్టుకుంటుంది, పాత జీ.652డీ రకానికి 30 కావాలి. పోగులను అతికే స్ప్లైసింగ్ మెషీన్ ఉన్న మనిషి దొరకని ఊళ్లో 30, 50 మీటర్ల రెడీమేడ్ ప్యాచ్ కార్డులు తెప్పించుకుని పైపులోంచి లాగొచ్చు, కనెక్టరు మొనకు టోపీ ఉంచి, లాగే తాడు కనెక్టరుకు కాకుండా కేబుల్ ఒంటికి కట్టి. ఒక పోగు చాలినా రెండు పోగుల కేబులే వేయండి. పైపులో లాగుడు తాడు కూడా ఒకటి వదిలేయండి. వెలుగుతున్న పోగు కొసలోకి కన్ను పెట్టి చూడకూడదని వేరే చెప్పాలా? ఆ కాంతి కంటికి కనిపించదు, కనిపించనంత మాత్రాన హాని చేయకుండా ఉండదు.

కన్వర్టర్లు రెండింటికీ కరెంటుండాలి. రూటర్‌కు పెట్టిన మినీ యూపీఎస్ 12 వోల్టులది అయితే 5 వోల్టుల కన్వర్టర్‌ను దానికి తగిలించకండి.

రెండే కంప్యూటర్లయితే

నా ఓటు దీనికే. ఇళ్లను కలపాలనుకునేవాళ్లలో చాలామందికి కావలసింది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు దారి. దానికి రూటర్లను ముట్టుకోనక్కర్లేదు. రెండు కంప్యూటర్లకూ రెండో లాన్ పోర్టు పెట్టండి, డెస్క్‌టాప్‌కు కార్డు, ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ 3 గిగాబిట్ అడాప్టరు. ఫైబర్ కన్వర్టర్ నుంచి వచ్చే చిన్న వైరు ఆ రెండో పోర్టులోకి వెళ్తుంది. తమ్ముడి కంప్యూటర్‌కు 10.10.10.1, ఫైళ్లున్న అన్నగారి కంప్యూటర్‌కు 10.10.10.2, మాస్కు 255.255.255.0. గేట్‌వే గడి ఖాళీగా వదలాలి, డీఎన్‌ఎస్ గడి కూడా. గేట్‌వే గడిలో ఏదైనా రాస్తే విండోస్ ఇంటర్నెట్‌ను కూడా అటు తోలడానికి చూస్తుంది, ఇంట్లో నెట్ ఆగిపోతుంది. ఖాళీగా ఉంటే ఇంటర్నెట్ పాత దారినే, పక్కింటి ఫైళ్లు కొత్త దారినే.

గేట్‌వే లేదు కాబట్టి విండోస్ దీన్ని గుర్తు తెలియని నెట్‌వర్కుగా చూసి పబ్లిక్ కింద వేస్తుంది, ఫైల్ షేరింగ్‌ను ఫైర్‌వాల్ ఆపేస్తుంది. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. ఫైళ్లున్న కంప్యూటర్‌లో, 10.10.10తో మొదలయ్యే అడ్రసుల (10.10.10.0/24) నుంచి ఫైల్ షేరింగ్ వాడే టీసీపీ 445 పోర్టుకు మాత్రం అనుమతిస్తూ ఒక ఇన్‌బౌండ్ రూల్ రాస్తే చాలు. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి 10.10.10.2 అని రాస్తే షేర్లు కనిపిస్తాయి. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లను తెరవనివ్వడం లేదు. పాత నాస్ పెట్టెలు (నేరుగా నెట్‌వర్కుకు తగిలించే డిస్కులు), రూటర్ వెనక గుచ్చిన పెన్‌డ్రైవుల షేర్లు అక్కడే మొరాయిస్తాయి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోవడమే దారి.

ఇళ్లు మొత్తం కలవాలంటే

నాస్‌ను నాలుగు కంప్యూటర్లు తెరవాలి, ప్రింటర్ కూడా కావాలంటే మధ్యలో ఒక రూటర్ రావాలి. ముందుగా ఇళ్ల అడ్రసు వరుసలు వేరు చేయండి: అన్నగారింట్లో 192.168.10, తమ్ముడింట్లో 192.168.20. రూటర్ లాన్ సెట్టింగుల్లో ఈ మార్పు చేశాక పాత అడ్రసు చేత్తో రాసిపెట్టిన ప్రింటర్లూ ఎన్‌వీఆర్‌లూ పలకవు, వాటినీ మార్చుకోవాలి.

అలమరలో పడి ఉన్న పాత గిగాబిట్ రూటర్ దీనికి పనికొస్తుంది. దాన్ని తమ్ముడింట్లో పెట్టండి. ఫైబర్ మీదుగా అన్నగారింటి నుంచి వచ్చే వైరు దాని వాన్ పోర్టులోకి (ఇంటర్నెట్ వైరు పెట్టే పోర్టు), స్టాటిక్ అడ్రసు 192.168.10.2. దాని లాన్ పోర్టు నుంచి తమ్ముడి రూటర్ లాన్ పోర్టుకు ఒక వైరు, లాన్ అడ్రసు 192.168.20.2. దాని డీహెచ్‌సీపీ ఆపాలి, వైఫై కూడా ఆపాలి. తమ్ముడి కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో రూట్ యాడ్ ఆదేశానికి మైనస్ పి తగిలించి, 192.168.20.2 మీదుగా 192.168.10.0, మాస్కు 255.255.255.0 అని ఒక దారి రాయాలి. మైనస్ పి లేకపోతే రీస్టార్ట్‌తో ఆ దారి పోతుంది. అన్నగారింట్లో ఇలాంటి దారులేవీ రాయనక్కర్లేదు. ఈ రూటర్ నాట్ చేస్తుంది (తన మీదుగా వెళ్లేవాటికి తన అడ్రసు వేసి పంపుతుంది) కాబట్టి అక్కడి నాస్‌కు వచ్చే అభ్యర్థనలన్నీ 192.168.10.2 నుంచి, అంటే సొంతింటి నుంచి వచ్చినట్టే కనిపిస్తాయి. విండోస్ ఫైర్‌వాల్ ఫైల్ షేరింగ్‌ను మామూలుగా సొంత సబ్‌నెట్‌కే (అదే వరుస అడ్రసులకే) అనుమతిస్తుంది, ఆ అడ్డంకీ దీంతోనే తీరుతుంది.

ఈ ఏర్పాటు ఒకవైపే. తమ్ముడు అన్నగారి నాస్ తెరవగలడు, అన్నగారింటి నుంచి తమ్ముడి కంప్యూటర్లు తెరవలేరు. లోపమంటారు కొందరు. నేను గుణమంటాను. రెండు దిక్కులా కావాలంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రూటరో, మైక్రోటిక్ హెక్స్ లాంటిదో పెట్టి, రెండు వైపులా మాస్కరేడ్ (అంటే నాట్) చేసి, ఎవరు దేన్ని తెరవొచ్చో రూల్స్ రాసుకోవాలి.

కంప్యూటర్‌లో దారి రాయడమెందుకు, తమ్ముడి కంపెనీ రూటర్‌లోనే స్టాటిక్ రూట్ రాస్తే ఫోన్లకు కూడా పనిచేస్తుంది కదా? రాయనిస్తే రాయొచ్చు, చాలా కంపెనీ రూటర్లలో ఆ పేజీ దాచి ఉంటుంది. రాసినా ఒక వింత ఎదురవుతుంది: పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే పరీక్ష) వెళ్తుంది, ఫైలు తెరుచుకోదు. ఫోను పంపినవి కంపెనీ రూటర్ మీదుగా, మధ్యలో పెట్టిన లింకు రూటర్‌కు వెళ్తాయి. జవాబులు లింకు రూటర్ నుంచి నేరుగా ఫోనుకే వస్తాయి, ఎందుకంటే రెండూ ఒకే సబ్‌నెట్‌లో ఉన్నాయి. కంపెనీ రూటర్ ఫైర్‌వాల్‌కు సంభాషణలో సగమే వినిపిస్తుంది, ఇదేదో తేడాగా ఉందని తర్వాతి ప్యాకెట్లను పారేస్తుంది. అన్ని రూటర్లూ ఇలా చేయవు, చేసే రూటర్ తగిలితే మాత్రం రోజులు పోతాయి.

ఇలా వేరు చేసి కలిపితే నెట్‌వర్క్ జాబితాలో పక్కింటి పేర్లు వాటంతటవి కనిపించవు. ఆ పేర్లను చాటే మల్టీకాస్ట్ ప్యాకెట్లు రూటర్ దాటవు. ప్రింటర్‌ను ఐపీ అడ్రసుతో చేర్చుకోవాలి. ఇది చిరాకే, ఒప్పుకుంటాను. కానీ హాలు టీవీ పక్కింటి ఫోన్లో కనిపించకపోవడం కూడా ఈ చిరాకు పుణ్యమే. అంతకంటే పెద్ద సంగతి రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్. ఒకింట్లో కంప్యూటర్‌కు సోకితే, రాయడానికి అనుమతి ఉన్న ప్రతి షేర్ మీదా అది చెయ్యి వేస్తుంది. బ్యాకప్ కోసం లింకు వేసుకుంటే ఆ షేర్ చదవడానికి మాత్రమే ఇవ్వండి, బ్యాకప్ తీసే యంత్రమే వచ్చి తీసుకుపోయేలా పెట్టండి.

ఒకరి నెట్ పోతే ఇంకొకరిది వాడుకోవచ్చు కదా అన్న ఆశ లింకు వేసిన మర్నాడే పుడుతుంది. పై ఏర్పాటులో తమ్ముడి కంప్యూటర్ గేట్‌వేనూ డీఎన్‌ఎస్‌నూ 192.168.20.2 అని మారిస్తే అది పనిచేయొచ్చు కూడా. ఒక పూట అవసరానికి చేత్తో మార్చుకోవడం వేరు, శాశ్వతంగా పెట్టుకోవడం వేరు. కనెక్షన్‌ను బయటివాళ్లతో పంచుకోకూడదనే షరతు ఇంటర్నెట్ కంపెనీల ఒప్పందాల్లో మామూలు, ఆ కనెక్షన్ మీద జరిగేదానికి మొదట అడిగేది చందాదారునే. అన్నదమ్ముల మధ్య సరే, అద్దెకు దిగిన పక్కింటివాళ్లతో ఈ పని నేను చేయమనను.

ఇంటర్నెట్ మీదుగానే కలిపితే?

నా వాదనకు అసలు పోటీ ఇదే. ఇంటర్నెట్ మీదుగా యంత్రాలను కలిపే టెయిల్‌స్కేల్ లాంటి ప్రోగ్రాం రెండు కంప్యూటర్లలో వేసుకుంటే గోడకు చిల్లు లేదు, ఫైబర్ లేదు. రెండిళ్లూ కంపెనీ సీజీనాట్ (చాలామంది చందాదారులకు ఒకే బయటి అడ్రసు) వెనక ఉన్నా అది దారి వెతుక్కుంటుంది, దొరక్కపోతే మధ్యలోని రిలే సర్వర్ మీదుగా నెమ్మదిగా నడుస్తుంది. రోజుకు నాలుగు ఎక్సెల్ ఫైళ్లు, అప్పుడప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ అయితే ఇదే చాలు, ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోండి. ఫోటోల డిస్కు, కెమెరా రికార్డింగులు, రాత్రి బ్యాకప్ అయితే చాలదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ మీద ఒక టెరాబైట్ అంటే మళ్లీ పగలూ రాత్రీ. చాలా ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అంటే నెలకు 3.3 టెరాబైట్లే, అప్‌లోడూ దాన్లోకే వస్తుంది. బయట కేబుల్ తెగిన రోజు పక్కగదిలాంటి పక్కింటికి కూడా దారి ఉండదు.

ఇద్దరిదీ ఒకే కంపెనీ అయితే నేరుగా కలవదా అంటే, కలవదు. ఇళ్ల ఫైబర్లు వెళ్లి చేరే కంపెనీ యంత్రంలో (ఓఎల్‌టీలో) సాధారణంగా ఒక చందాదారు ఇంకో చందాదారుకు కనిపించకుండా కట్టడి ఉంటుంది. పక్కింటికి పోవాల్సిన ప్యాకెట్టు కంపెనీ గేట్‌వే దాకా వెళ్లి తిరిగి రావాలి.

మధ్యలో రోడ్డుంటే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ జంట మంచిదే. మన దేశంలో 2018 నుంచి 5150 మొదలు 5875 మెగాహెర్ట్జ్ దాకా చాలా భాగానికి లైసెన్సు అక్కర్లేదు. టీపీ-లింక్ సీపీఈ510 లాంటివి కొనేముందు ఒక సంగతి చూసుకోండి. దాని పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, పెట్టె మీద 300 అని రాసినా. దగ్గరి దూరానికి ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గించాలి, లేకపోతే అరుపులా వినిపించి వేగం పడిపోతుంది. పక్కింటివాళ్లు మేడ మీద ఇంకో గది వేస్తే లింకు పోతుంది. కేబులే దాటించాలనుకుంటే కరెంటు స్తంభాలకు మాత్రం కట్టకండి.

వేశాక పరీక్షించే వరుస

ముందు కన్వర్టర్ల మీది ఫైబర్ దీపాలు. రెండు కొసలా వెలగకపోతే 'ఏ', 'బి' చూడండి, తర్వాత కనెక్టరు రంగు, తర్వాత మొన మీది మురికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సగం రోగాలు పోతాయి. దీపాలు వెలిగాక పింగ్, ముందు దగ్గరి కొసకు, తర్వాత అవతలి కొసకు. విండోస్ కంప్యూటర్ పింగ్‌కు పలకకపోతే లింకు పోయిందనుకోకండి, ఫైర్‌వాల్ ఆపి ఉండొచ్చు, అవతలి రూటర్‌నో ప్రింటర్‌నో పింగ్ చేసి చూడండి. పింగ్ వెళ్లి షేర్ తెరుచుకోకపోతే 445 పోర్టు, లేదా పాస్‌వర్డు. అడ్రసుతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే అది లోపం కాదు, అడ్రసుతోనే షార్ట్‌కట్ చేసుకోండి.

చివరగా రెండు గిగాబైట్ల ఫైలొకటి కాపీ చేయండి. సెకనుకు 100 మెగాబైట్లు దాటితే పని పూర్తయినట్టే. 60, 70 దగ్గర ఊగుతుంటే డిస్కు పాతది కావచ్చు. 11 దగ్గర గీత గీసినట్టు నిలిచిపోతే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఉంది. చాలాసార్లు అది ఫైబర్ కాదు, కన్వర్టర్ నుంచి కంప్యూటర్‌కు వేసిన మూరెడు ప్యాచ్ వైరు. ముందు దాన్ని మార్చి చూడండి.